వక్కల దీవిలో మూడు రోజులు: చిత్తూరు నుంచి జార్జ్‌టౌన్ దాకా

పినాంగ్ అంటే మలయ్ భాషలో వక్క. మన తాంబూలంలో తమలపాకు మీద పెట్టే వక్కే. పులావ్ పినాంగ్ అంటే వక్కల దీవి. మలేషియా పడమటి తీరానికి దగ్గరగా ఉన్న ఆ దీవిలో, సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చిన మూల మీద ఉంది జార్జ్‌టౌన్. 1786 ఆగస్టు 11న ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ తరఫున అక్కడ జెండా ఎగరేశాడు. ఊరికి అప్పటి ఇంగ్లండు రాజు మూడో జార్జి పేరు పెట్టారు. ఆ తర్వాత చీనా వాళ్లు, మలయ్ వాళ్లు, తమిళులు, ఆర్మీనియా వర్తకులు, బర్మా, సయాం వాళ్లు వచ్చి ఎవరి వీధి వాళ్లు కట్టుకున్నారు. ఆ వీధులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, వాటిల్లో మనుషులు కాపురం ఉంటున్నారు. 2008 జులై 7న మలక్కాతో కలిపి యునెస్కో ఈ ఊరిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అసలు వారసత్వ ప్రాంతం 109 హెక్టార్లు, మన లెక్కలో 270 ఎకరాలు.

చెన్నై నుంచి నడిచే మలేషియా ప్యాకేజీల్లో చాలావాటికి ఈ ఊరంటే ఒక పూట పని. ఆ పూట గోడ బొమ్మల ముందు ఫొటోలకే అయిపోతుంది. నేను మూడుసార్లు వెళ్లాను. నా సలహా ఒకటే: జార్జ్‌టౌన్‌కు మూడు పూర్తి రోజులు ఇవ్వండి, అందులో రెండు రోజులు కాలినడకనే తిరగండి. ఇది చిత్తూరోళ్లకు, తిరుపతోళ్లకు మరీ మరీ చెబుతున్నాను. ఎందుకంటే ఆ ఊళ్లో మన తీరం నుంచి వెళ్లిన ఆనవాళ్లు అడుగడుగునా ఉన్నాయి, నెమ్మదిగా నడిస్తే తప్ప కంటికి ఆనవు.

ముందు కాగితాల సంగతి. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. ఆ వెసులుబాటును గడువు పెట్టి పొడిగిస్తూ వస్తున్నారు, ఇప్పుడున్నది 2026 ఆఖరు దాకా. టికెట్ కొనే ముందు ఒకసారి సరిచూసుకోండి. వీసా లేకపోయినా డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే రోజుకు మూడు రోజుల లోపలే నింపాలి, అంతకు ముందు కుదరదు. మలేషియా ఇమ్మిగ్రేషన్ వాళ్ల సైటులో దీనికి పైసా కట్టక్కర్లేదు. వెతికితే డబ్బు అడిగే సైట్లు పైన కనబడతాయి, వాటి జోలికి పోవద్దు. ఫారంలో హోటల్ చిరునామా, పోస్టుకోడ్ అడుగుతారు, ముందే రాసి పెట్టుకోండి. రాష్ట్రం అన్న చోట పులావ్ పినాంగ్ ఎంచుకోవాలి. మనలో చాలామందికి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఇనీషియల్ విడదీసి రాసి ఉంటుంది. పాస్‌పోర్టులో ఎలా ఉంటే కార్డులో అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. కౌంటరు దగ్గర పేచీ వచ్చేది అక్కడే. తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ కాగితాల మీద చేతిలో ఉంచుకోండి, ఫోన్ ఛార్జింగ్‌ను నమ్ముకోవద్దు.

చెన్నై నుంచి పినాంగ్‌కు ఇండిగో నేరు విమానం 2024 డిసెంబరులో మొదలైంది. సుమారు నాలుగు గంటల ప్రయాణం. అంతకుముందు కౌలాలంపూర్‌లో దిగి మారాల్సి వచ్చేది. ఇప్పటికీ అలా వెళ్లదలిస్తే కౌలాలంపూర్ సెంట్రల్ స్టేషన్ నుంచి బటర్‌వర్త్ దాకా రైలు ఉంది, నాలుగు గంటలు పడుతుంది. బటర్‌వర్త్‌లో దిగి పడవెక్కితే పావుగంటలో ఊరు ఎదురొస్తుంది. ఈ దారి నాకు చాలా ఇష్టం. జార్జ్‌టౌన్ రేవు పట్టణం, రేవు వైపు నుంచి చూస్తేనే దాని రూపు అర్థమవుతుంది.

తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయం చేరడంలో ఒక చిక్కుంది. ఆంధ్రా బస్సులు చాలా మటుకు మాధవరం బస్టాండులో దించుతాయి. అది ఊరికి ఉత్తరపు కొస, విమానాశ్రయం దక్షిణపు కొస. సామాన్లతో సాయంత్రం ట్రాఫిక్‌లో ఆ దూరం దాటడం కష్టం. రైల్లో వెళ్లి చెన్నై సెంట్రల్‌లో దిగితే స్టేషన్ కిందే మెట్రో ఉంది, మారకుండా నేరుగా విమానాశ్రయంలోకి తీసుకెళ్తుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ దారే మేలు.

దిగేది బయాన్ లెపాస్‌లో, పినాంగ్ విమానాశ్రయం ఉన్నది అక్కడే. అక్కడి నుంచి ఊరు 16 కిలోమీటర్లు. గ్రాబ్ యాప్‌లో కారు పిలిస్తే సుమారు 25 నుంచి 35 రింగిట్లు. రింగిట్‌ను ఇరవై రూపాయలనుకుంటే నోటి లెక్కకు సులువు, అసలు రేటు కాస్త ఎక్కువే ఉంటుంది. బస్సు కావాలంటే 401 నంబరు ఉంది, మూడు రింగిట్ల లోపే. కానీ బస్సులో నోటిచ్చి చిల్లర ఎదురుచూడొద్దు, ఇవ్వరు. విమానాశ్రయంలోనే ఏదన్నా చిన్నది కొని చిల్లర చేసుకోండి. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, మూడు చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి. ఫోన్‌పే అలవాటులో జేబులో నగదు లేకుండా వెళ్లకండి, తోపుడుబండ్ల దగ్గర నోట్లే నడుస్తాయి.

గది తీసుకునేటప్పుడు రెండు ప్రశ్నలు తప్పక అడగాలి. కిటికీ ఉందా? మెట్లెన్ని? కింద అంగడి, పైన కాపురం ఉండే పాత దుకాణపు ఇళ్లను హోటళ్లుగా మార్చినవి చాలా ఉన్నాయి. అవి వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. మధ్య గదులకు కిటికీ ఉండదు. ఫొటోలో దీపాలు వేసి చూపిస్తారు, తీరా వెళ్లాక గాలి ఆడక అవస్థ. చెక్క మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు కింది గది అని రాయించుకోండి. లవ్ లేన్, చులియా వీధి పైభాగం రాత్రి బాగా పొద్దుపోయే దాకా మోత మోగుతాయి. పిల్లాపెద్దలతో వెళ్లేవాళ్లు లిటిల్ ఇండియా పక్కన కానీ, చర్చి వీధి వైపు కానీ చూసుకుంటే నిద్ర పడుతుంది. విదేశీయులకు గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను వేరే ఉంటుంది. అది బుకింగ్ ధరలో కలవదు, కౌంటరులో కట్టాలి.

ఇక వీధుల పేర్లు. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఒక్కో వీధికి మలయ్ పేరొకటి, ఇంగ్లీషు పేరొకటి, హొక్కియెన్ చీనా వాళ్ల నోట్లో ఇంకొకటి. లెబూ అంటే వీధి, జలాన్ అంటే రోడ్డు, లోరోంగ్ అంటే సందు. ఈ మూడు మాటలు వస్తే మ్యాపు చదవగలరు. లెబూ గెరెజా అన్నా, చర్చ్ స్ట్రీట్ అన్నా ఒకటే. లెబూ పసార్ అంటే మార్కెట్ వీధి, లిటిల్ ఇండియాకు అదే నడిబొడ్డు. పాతవాళ్లు పిట్ స్ట్రీట్ అనే దాన్ని ఇప్పుడు జలాన్ మస్జిద్ కపితాన్ కెలింగ్ అంటారు. ఈ పేర్లలోనే మన చరిత్ర దాగుంది. చులియా అన్నది చోళ అన్న మాట నుంచి వచ్చిందంటారు. తమిళ తీరపు ముస్లిం వర్తకులను అలా పిలిచేవారు. కెలింగ్ అన్నది కళింగ. మన తూర్పు తీరం నుంచి ఓడలెక్కిన వాళ్లందరికీ ఆ ద్వీపాల్లో ఒకప్పుడు అదే పేరు. ఇప్పుడు ఆ మాట అక్కడ తిట్టు కింద లెక్క. మసీదు పేరుగా, వీధి పేరుగా పలకొచ్చు కానీ మనిషిని ఉద్దేశించి అనకూడదు.

మొదటి రోజు ఈ పిట్ స్ట్రీట్ ఒక్కదానికే ఇవ్వండి. పొడవు కిలోమీటరు కూడా ఉండదు. పొద్దున ఏడింటికల్లా లెబూ క్వీన్‌లో మహామారియమ్మ గుడి ముందు ఉండాలి. 1833లో కట్టిన ఈ గుడి పినాంగ్‌లో పాత హిందూ గుడి. ముఖద్వారం క్వీన్ వీధిలో, వెనక గోడ పిట్ స్ట్రీట్ వైపు. ఆ వేళప్పుడు మార్కెట్ వీధిలో పూల అంగళ్లవాళ్లు మూరల లెక్కన మల్లెలు కడుతుంటారు, ఇడ్లీ ఆవిర్లు వీధిలోకి వస్తుంటాయి. మధ్యాహ్నం గుడి మూసేసి సాయంత్రం తీస్తారు. పదకొండు గంటలు దాటాక బయల్దేరే వాళ్లకు సాయంత్రం దాకా దర్శనం దొరకదు.

అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే కొద్ది అడుగుల్లోనే దయామూర్తి క్వాన్ యిన్ అమ్మవారి గుడి. వాకిట్లో చేతి పొడవు నుంచి మనిషెత్తు దాకా అగరుబత్తులు వెలిగిస్తారు. పొగకు కళ్లు మండుతాయి, ఆస్తమా ఉన్నవాళ్లు వాకిటి బయటి నుంచే దండం పెట్టుకుంటే మంచిది. ఇంకా ముందుకు పోతే తెల్లని స్తంభాల సెయింట్ జార్జి చర్చి, 1818లో పూర్తయింది. దాన్ని కట్టింది మన దేశం నుంచి శిక్షపడి వెళ్లిన ఖైదీలు. ఆ సంగతి తెలిసి ఆ స్తంభాల కింద నిలబడితే మనసు బరువెక్కుతుంది. అప్పట్లో కంపెనీ వాళ్లకు ఈ దీవి ప్రవాస శిక్షల చోటు. తమిళ పాలెగాళ్ల తిరుగుబాటు అణచాక శివగంగను ఏలిన చిన్న మరుదు కొడుకు దొరైస్వామితో సహా 73 మందిని 1802లో ఇక్కడికే పంపేశారు. మన చిత్తూరు పాలెగాళ్లు కంపెనీతో తలపడిన కాలమే అది.

అటునుంచి అటే రేవు వైపు నాలుగడుగులు వేస్తే కార్న్‌వాలిస్ కోట. లోపల చూడ్డానికి తక్కువ. కానీ ఆ పేరు మనకు పరాయిది కాదు. 1791 ఫిబ్రవరిలో టిప్పు మీదికి బెంగళూరు వెళ్తూ సైన్యాన్ని మొగిలి కనుమ ఎక్కించింది ఈ కార్న్‌వాలిసే. చిత్తూరు నుంచి పలమనేరు బస్సులో వెళ్లే ప్రతివాళ్లూ ఆ ఘాటు ఎక్కినవాళ్లే.

మళ్లీ వెనక్కి వచ్చి దక్షిణంగా నడిస్తే కపితాన్ కెలింగ్ మసీదు, 1801 నాటిది. దక్షిణ భారత ముస్లింల పెద్దగా ఉన్న కాదర్ మొహిదీన్ కట్టించాడు. ఇతర మతాల వాళ్లను లోపలికి రానిస్తారు, ఒళ్లు కప్పుకోవడానికి అంగీ వాళ్లే ఇస్తారు. నమాజు వేళలు, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, వదిలెయ్యాలి. గుడి గంట, బాంగు, చర్చి గంట ఒకే వీధిలో వినబడతాయి. రెండు వందల ఏళ్లుగా వాళ్లు దాన్ని ఇరుగుపొరుగు మర్యాదగానే నిలబెట్టుకుంటున్నారు.

పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరగొద్దు. ఎండ 32 డిగ్రీలే అనిపించినా గాలిలో తేమ మనిషిని పిండేస్తుంది. మన ఎండాకాలం 42 డిగ్రీలు తట్టుకున్నాం కదా అనుకుంటే పొరపాటు. మనది పొడి ఎండ, చెమట ఆరిపోతుంది. అక్కడ ఆరదు. ఆ వేళ ఇళ్ల లోపలి భాగాలు చూడ్డానికి పెట్టుకోండి. కెనన్ స్క్వేర్‌లో ఖూ వంశం వాళ్ల కోంగ్‌సి, అంటే వంశపు మందిరం, 1906లో పూర్తయింది. అంతకుముందు కట్టింది కాలిపోతే మళ్లీ కట్టారు. కప్పు మీద డ్రాగన్‌లు, గోడ మీద రాతి చెక్కడాలు, లోపల తాతముత్తాతల పేర్ల పలకలు. మన గోత్రం, ఇంటిపేరు పట్టింపు తెలిసినవాళ్లకు ఆ చోటు వెంటనే అర్థమవుతుంది.

అందరికీ తప్పక చెప్పేది లీత్ వీధిలోని నీలి భవనం. చియోంగ్ ఫాట్ ట్జీ అనే వర్తకుడి ఇల్లు, పంతొమ్మిదో శతాబ్దం ఆఖరున కట్టింది. 38 గదులు, 5 మండువాలు, 7 మెట్ల దారులు, 220 కిటికీలు. గైడుతో చూసే సమయాలు నిర్ణయించి ఉంటాయి, ముందే టికెట్ తీసుకోండి. ఆ నీలం పెయింటు కాదు. సున్నంలో నీలిమందు కలిపి పూసిన పూత. మన ఇళ్లకు పండక్కి సున్నం కొట్టేటప్పుడు తెలుపు మెరవాలని చిటికెడు నీలం కలుపుతాం కదా, వాళ్లు దోసిళ్లతో కలిపారు. ఆ నీలిమందు కూడా మన దేశం నుంచి ఓడల్లో వెళ్లిందే. గోడకు చెయ్యి ఆనించి చూస్తే చల్లగా ఉంటుంది. సున్నపు గోడ తేమను పీల్చుకుని ఎండకు మళ్లీ వదిలేస్తుంది. అందుకే అంత తేమలోనూ ఆ ఇళ్లు నూరేళ్లు నిలిచాయి.

ఇది తెలిస్తే ఊరంతా వేరేగా కనిపిస్తుంది. ఏ సందులోనైనా ఆగి గోడ అడుగుభాగం చూడండి. సిమెంటు అతికిన చోట చుట్టూ బొబ్బలు లేచి, పూత పెచ్చులూడి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంటుంది. పాత ఇటుక నేల నుంచి తేమ పైకి లాగుతుంది, సిమెంటు దాన్ని బయటకు పోనివ్వదు. లోపలే నిలిచిన నీరు ఇటుకనే తినేస్తుంది. సున్నంతోనే మరమ్మతు చేసిన పక్కింటి గోడ నున్నగా ఉంటుంది. మన ఊళ్లల్లో పాత మండువా ఇళ్లకు సిమెంటు మెత్తేవాళ్లు ఈ రెండు గోడలను పక్కపక్కన చూడాలని నాకు గట్టి కోరిక.

ఆ దుకాణపు ఇళ్ల ముందు వరసగా వసారాలుంటాయి. ఐదడుగుల దారి అని పేరు, మలయ్‌లో కాకి లీమా. వానలో తడవకుండా ఆ చివరి దాకా నడిచిపోవడానికి కట్టినవి. కానీ ఒక ఇంటి అరుగు ఎత్తు, పక్కింటిది పల్లం. మోటారు సైకిళ్లు, సరుకుల పెట్టెలు అడ్డంగా ఉంటే రోడ్డు మీదికి దిగాల్సిందే. పక్కన లోతైన కాలువలుంటాయి. ఫోన్ చూస్తూ నడవొద్దు. చెప్పులకంటే పట్టున్న బూట్లు మంచివి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వానలు బలంగా పడతాయి, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు నయం.

తిండి దగ్గరికొస్తే, మన జిల్లావాళ్లకు ఒక పెద్ద సౌకర్యం ఉంది: తమిళం. లిటిల్ ఇండియాలో తమిళంతోనే పని జరిగిపోతుంది. ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం దొరుకుతాయి, భోజనం పది పదిహేను రింగిట్లు. చిక్కు వచ్చేది బయటి అంగళ్లలో. శాకాహారం అని తెచ్చిన కూరలో బెలాచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటుంది, లేదా ఆకుకూర తాలింపులో ఎండు రొయ్యలు పడతాయి. వాళ్ల లెక్కలో అది మసాలా, మాంసం కాదు. కాబట్టి వెజిటేరియనా అని అడిగి ఊరుకోవద్దు. "అణ్ణా, ఇదుల ఇరాల్, కరువాడు ఏదావదు ఇరుక్కా?" (అన్నా, ఇందులో రొయ్యలు, ఎండుచేపలు ఏమన్నా ఉన్నాయా) అని విడిగా అడగండి, సరైన జవాబు వస్తుంది. చీనా వాళ్ల శాకాహార అంగళ్లు వేరే ఉన్నాయి, వాటిల్లో ఉల్లి, వెల్లుల్లి కూడా సాధారణంగా వెయ్యరు. మాంసం ముక్కల్లా కనబడేవి సోయాతో, గోధుమ బంకతో చేసినవి, కంగారుపడొద్దు.

మాంసం తినేవాళ్లు నాసి కందార్ రుచి చూడకుండా రాకూడదు. నాసి అంటే అన్నం, కందార్ అంటే భుజం మీద మోసే కావడి. తమిళ ముస్లింలు ఒక వైపు అన్నం కుండ, ఇంకో వైపు కూరల కుండలు కావడికి వేలాడదీసి రేవు కూలీలకు అమ్మేవారు. ఆడికృత్తికకు తిరుత్తణి కావళ్లు మోసే మనకు ఆ భుజం బరువు తెలుసు. పళ్లెంలో అన్నం, పైన మీరు చూపించిన ముక్క, దాని మీద మూడు నాలుగు కూరల పులుసు కలిపి పోస్తారు. ఇంకా కావాలంటే బంజిర్ అనండి, వరద అని అర్థం, పళ్లెం నింపేస్తారు. ధర ముక్కను బట్టి. పెద్ద రొయ్య, చేప తలకాయ చూపించే ముందు ఎంతని అడగండి, తిన్నాక అడిగితే గొడవే. ఆయాం కోడి, కంబింగ్ మేక, ఇకాన్ చేప, ఉదాంగ్ రొయ్య. దాగింగ్ అంటే మాత్రం గొడ్డుమాంసమే అనుకోండి.

టీ అంటే డబ్బాపాలు పోసి తియ్యగా ఇస్తారు. పాలు వద్దంటే తే ఓ, చక్కెర కూడా వద్దంటే తే ఓ కోసోంగ్. కోసోంగ్ అంటే సున్నా. చక్కెర జబ్బున్నవాళ్లు ఈ మాట ముందే బట్టీ పట్టాలి.

రెండో రోజు పొద్దున ఎనిమిది లోపు ఆర్మీనియన్ వీధి. 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ వేసిన సైకిలు మీద పిల్లల బొమ్మ అక్కడే ఉంది. తర్వాత వెళ్తే ఫొటోకు వరస కట్టాలి. అక్కడి నుంచి రేవు పక్కన చ్యూ వాళ్ల జెట్టీకి నడవండి. సముద్రంలో స్తంభాల మీద కట్టిన చెక్క ఇళ్లు, ఒకే ఇంటిపేరు వాళ్ల వీధి. టికెట్ లేదు. కానీ అవి కాపురాలున్న ఇళ్లు. తెరిచిన తలుపులోంచి కెమెరా పెట్టకండి, పలకల దారి మీద గట్టిగా మాట్లాడకండి.

మూడో రోజు కొండ. 204 నంబరు బస్సు ఊళ్లోని కోమ్టార్ టవరు దగ్గరి బస్టాండు నుంచి కెక్ లోక్ సీ గుడి మీదుగా పినాంగ్ హిల్ దాకా పోతుంది. ముందు కొండ, తర్వాత గుడి పెట్టుకోండి. కొండ మీద అత్యంత ఎత్తయిన చోటు 833 మీటర్లు, ఇంచుమించు మన తిరుమల ఎత్తే. రోడ్డు బదులు తీగ లాగే రైలు, 1923 నుంచి ఉంది, ఇప్పటి పెట్టెలు 2011 నాటివి. శని, ఆదివారాల్లో వరస గంట దాటుతుంది. ఎక్కువ డబ్బు కడితే వేరే వరస ఉంది కానీ, పని రోజున పొద్దున్నే వెళ్తే ఆ ఖర్చు దండగ. కెక్ లోక్ సీలో 1930లో పూర్తయిన ఏడంతస్తుల గోపురం చూడండి. అడుగు చీనా పద్ధతి, నడుము సయాం, శిఖరం బర్మా. పైన 30 మీటర్ల కంచు క్వాన్ యిన్ విగ్రహం. మెట్లు చాలా ఉన్నాయి, మధ్యలో చిన్న లిఫ్టు రైలుకు వేరే టికెట్.

తిరుగు ప్రయాణం సాయంత్రమైతే ఒక జాగ్రత్త. బయాన్ లెపాస్ చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి, ఐదు నుంచి ఏడు దాకా షిఫ్టు వదిలి రోడ్డు నిండిపోతుంది. పొద్దున ముప్పావుగంటలో పోయే దూరానికి గంటన్నర వేసుకోండి. ఘాటు వాసన కొట్టే దురియాన్ పండు సంచిలో పెట్టుకోవద్దు, హోటలువాళ్లూ విమానంవాళ్లూ ఒప్పుకోరు. డబ్బు మార్చే చోట నాణేలు తీసుకోరు. మిగిలినవన్నీ లెక్కపెట్టి 401 బస్సు డబ్బాలో టికెట్ కింద వేసేయండి.